‘సాయం’ అనే మాట వెనుక ఇంటిపని

“పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యారు, ఆవిడ మళ్ళీ పనిలో చేరింది” అంటాం. పిల్లల కోసం కొన్నేళ్ళు ఉద్యోగం మానుకుని, తిరిగి ఉద్యోగానికి వెళ్ళిన స్త్రీ గురించి మనం మామూలుగా వాడే వాక్యం ఇది. కథల్లోనూ ఇదే వాక్యం కనిపిస్తుంది. కొంచెం ఆగి పరిశీలిస్తే ఇందులో రెండు అబద్ధాలున్నాయి. ‘మళ్ళీ పనిలో చేరింది’ అంటే అంతవరకూ పనిలో లేదని అర్థం. ఇది మొదటి అబద్ధం. కొత్త పనిలో చేరినప్పుడు ఆమె చేస్తూ వచ్చిన పాతపని ఏమయిందో ఈ వాక్యం చెప్పదు. ఇది రెండోది. ఫ్యాక్టరీలో ఒక కార్మికుణ్ణి ఒక యంత్రం దగ్గర్నుంచి మరో యంత్రం దగ్గరికి మారిస్తే, మొదటి యంత్రం దగ్గర ఎవరు నిలబడతారన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఇంటి విషయంలో మాత్రం ఆ ప్రశ్న ఎవరికీ తట్టదు. రెండు యంత్రాల దగ్గరా ఆమే నిలబడుతుందని అందరూ, చాలాసార్లు ఆమె కూడా, మాట్లాడకుండా ఒప్పుకుని ఉంటారు కాబట్టి.

ఈ చిక్కు కొత్తది కాదు. ఇంట్లో విధులు నెరవేరిస్తే స్త్రీ సామాజికోత్పత్తికి దూరమవుతుందనీ, సామాజికోత్పత్తిలో పాల్గొంటే ఇంటి విధులు నెరవేర్చలేదనీ ఎంగెల్స్ 1884లోనే కుటుంబం పుట్టుక గురించి రాసిన పుస్తకంలో చెప్పాడు. అమెరికన్ సామాజిక శాస్త్రజ్ఞురాలు ఆర్లీ హాక్‌షీల్డ్ 1989లో ఉద్యోగస్తులైన భార్యాభర్తలను దగ్గరగా పరిశీలించి రాసిన పుస్తకానికి ‘రెండో షిఫ్టు’ అని పేరు పెట్టింది. ఉద్యోగం నుంచి ఇంటికి రావడమంటే స్త్రీకి ఒక షిఫ్టు నుంచి మరో షిఫ్టుకి రావడమే అని ఆ పేరుకి అర్థం. ఇదంతా మనకి తెలిసినదే. తెలిసిన తర్వాత కూడా పరిస్థితి ఎందుకు మారడం లేదన్నది వివరించవలసిన విషయం. నా ఉద్దేశంలో దీనికి ఒక ముఖ్యకారణం ‘సాయం’ అనే మాటలో ఉంది. ఈ వ్యాసంలో ఆ మాటని విప్పి చూడదలచుకున్నాను.

ఇంటిపని అంటే ఏమిటి?

ఇంటిపని అనగానే మనకి చేతులతో చేసే పని గుర్తొస్తుంది: వండడం, తోమడం, ఉతకడం, ఊడవడం. ఇది ఇంటిపనిలో పైకి కనిపించే భాగం మాత్రమే.

సోమవారం పొద్దున నలుగురికి ఇడ్లీ పెట్టడమనే పనిని తీసుకుందాం. ఇడ్లీ ఆవిరి మీద ఉడకడానికి పట్టేది పది పన్నెండు నిమిషాలు. కాని ఆ పని ఆదివారం మధ్యాహ్నమే మొదలవుతుంది. గ్లాసు మినప్పప్పు నాలుగు గంటలు నానాలి. సాయంత్రం రుబ్బాలి. రెండు గ్లాసుల రవ్వ విడిగా కడిగి, నీళ్ళు పిండి, అందులో కలపాలి. రాత్రంతా పొంగడానికి చోటున్న గిన్నెలో పెట్టాలి. చలికాలమయితే పొంగదు కాబట్టి ఇంకాస్త ముందు రుబ్బాలి. అసలు ఆదివారం నానెయ్యడానికి ఇంట్లో మినప్పప్పు ఉందో లేదో శనివారమే చూసుకోవాలి. సోమవారం కరెంటు కోత ఉంటే పచ్చడి సంగతి రాత్రే తేల్చుకోవాలి. చిన్నపిల్లకి దగ్గుగా ఉంటే ఇడ్లీ పెట్టాలా, జావ కాయాలా? గ్యాసు బండ రేపటిదాకా వస్తుందా? పదినిమిషాల పని వెనుక రెండురోజుల ఆలోచన నడుస్తుంది.

అమెరికాలోనే అల్లిసన్ డమింజర్ అనే సామాజిక శాస్త్రజ్ఞురాలు 2019లో ప్రచురించిన పరిశోధనలో, దంపతులతో మాట్లాడి, ఈ కనబడని శ్రమని నాలుగు మెట్లుగా విడదీసింది. అవసరాన్ని ముందుగా పసిగట్టడం, దాన్ని తీర్చే మార్గాలు వెతకడం, వాటిలో ఒకటి నిర్ణయించడం, నిర్ణయించినది జరిగిందో లేదో కనిపెట్టి ఉండడం. నిర్ణయించే మెట్టు దగ్గర భార్యాభర్తలిద్దరూ కనిపిస్తారు. ముందుగా పసిగట్టడం, చివరిదాకా కనిపెట్టి ఉండడం మాత్రం ఎక్కువగా స్త్రీల మీదే పడుతున్నాయని ఆమె గమనించింది. ఇందులో మనం గుర్తించవలసిన రాజకీయం ఉంది. నిర్ణయంలో అధికారం ఉంది. పసిగట్టడంలో, కనిపెట్టి ఉండడంలో చాకిరీ మాత్రమే ఉంది. అధికారమున్న మెట్టు దగ్గర సమానత్వం తేలిగ్గా వస్తుంది, చాకిరీ ఉన్నచోట రాదు.

లెక్కలు చెప్పేదేమిటి?

మన దేశంలో జాతీయ గణాంక కార్యాలయం 2019లో కాలవినియోగ సర్వే చేసింది. ఇంటివాళ్ళ కోసం జీతం లేకుండా చేసే ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు, పాల్గొన్న పురుషులు 97 నిమిషాలు వెచ్చించారని తేలింది. ‘పాల్గొన్న’ అనే మాటని తేలిగ్గా దాటెయ్యకూడదు. ఆ సర్వే ప్రకారం ఒక రోజులో ఇంటిపనిలో ఏ కొంచెమైనా పాల్గొన్న స్త్రీలు నూటికి 81 మంది, పురుషులు 26 మంది. అంటే ఆ 97 నిమిషాలు మగవాళ్ళందరి సగటు కాదు, ఏదో ఒక పని ముట్టుకున్న నాలుగోవంతు మంది సగటు. 2024 సర్వేలో స్త్రీల సంఖ్య 289కి, పురుషుల సంఖ్య 88కి వచ్చింది. స్త్రీలకి పదినిమిషాలు తగ్గాయని సంతోషించేలోపల పురుషులకి కూడా తొమ్మిది నిమిషాలు తగ్గాయి. మొదట తేడా 202 నిమిషాలు, ఐదేళ్ళ తర్వాత 201 నిమిషాలు. ఐదేళ్ళలో సాధించింది ఒక్క నిమిషం!

ఇవి చేతులతో చేసిన పనికి వేసిన లెక్కలు. చేత్తో చాక్‌పీసు పట్టుకుని పాఠం చెబుతూ, సాయంత్రానికి పాలు తోడుపెట్టడానికి మజ్జిగ మిగిలిందా అని ఆలోచించే నిమిషం ఏ సర్వేలోకీ ఎక్కదు.

‘ఏం చెయ్యాలో చెప్పు’

నా సంగతి ఇక్కడ ఒక ఉదాహరణగా చెబుతాను. గుంటూరులో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో తొమ్మిదేళ్ళు తెలుగు చెప్పాను. రెండో బిడ్డ పుట్టాక మానేశాను. ఆరేళ్ళ తర్వాత మళ్ళీ చేరాను. నా సహచరుడు ప్రభుత్వోద్యోగి, మంచి పాఠకుడు, స్త్రీల సమానత్వాన్ని సిద్ధాంతరీత్యా ఒప్పుకున్న మనిషి. నేను ఉద్యోగంలో చేరిన మొదటి వారమే “ఏం చెయ్యాలో చెప్పు, చేసేస్తాను” అన్నాడు. అందులో అబద్ధం లేదు. చెప్పినవన్నీ చేశాడు కూడా.

కాని రెండునెలలు గడిచేసరికి నా అలసట ఏమీ తగ్గలేదు. ఎందుకు? చేసే పని పంచుకున్నాం గాని, చెప్పే పని నా దగ్గరే ఉండిపోయింది. కూరగాయలు తెమ్మంటే తెస్తాడు. ఏ కూరగాయలు, ఎన్ని, ఎప్పుడన్నది నేను చెప్పాలి. పిల్లవాడికి ఐదేళ్ళు దాటాక వెయ్యవలసిన టీకాకి ఆస్పత్రికి తీసుకెళతాడు. ఆ టీకా ఒకటుందన్నది నాకు గుర్తుండాలి. ఇంట్లో నేను మేస్త్రీ, అతను కూలీ. మేస్త్రీకి ఎక్కడన్నా జీతం ఎక్కువ. ఇక్కడ మాత్రం జీతమూ లేదు, పని కూడా తప్పలేదు.

‘సాయం’ అనే మాట తత్వమే ఇది. ఎవరి పనికి వాళ్ళు సాయం చేసుకోరు. పక్కవాళ్ళ పనికి సాయం చేస్తారు. భర్త ఇంటిపనిలో సాయం చేస్తున్నాడంటున్నామంటే ఆ పని భార్యదని ముందే ఒప్పేసుకున్నామన్నమాట. అంతేకాదు, సాయానికి కృతజ్ఞత చెప్పాలి, బాధ్యతకి అక్కర్లేదు. భర్త తన కంచం తాను కడిగితే బంధువులు మెచ్చుకుంటారు. భార్య పదిమంది కంచాలు కడిగితే ఎవరూ చూడరు.

అంచేత మేము చేసినది చెబుతాను. ఒక ఆదివారం కూర్చుని, ఇంట్లో ఒక నెలలో జరిగే పనులన్నీ పాత క్యాలెండరు కాగితాల వెనకవైపు రాశాం. అరవైమూడు తేలాయి. నా సహచరుడు పాతికకి మించి ఉండవనుకున్నాడు. నేను నలభై అనుకున్నాను. చేస్తున్న మనిషికే తన పని మొత్తం కనిపించదన్నది ఆ రోజు తేలిన మొదటి సంగతి. తర్వాత ఆ పనులను రోజులవారీగా, వంతులవారీగా పంచుకోలేదు. శాఖలుగా విడగొట్టాం. పొద్దుటి ఫలహారం అతని శాఖ. అంటే మినప్పప్పు డబ్బా ఖాళీ అయిందని చూసుకోవడం దగ్గర్నుంచి గిన్నెలు నానబెట్టడం దాకా అతనిదే. పిల్లల బడి, దాని డైరీ, ఫీజులు, తల్లిదండ్రుల సమావేశం అన్నీ అతనివే. బడివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్ళంతా తల్లులే. నా నంబరు తీయించి అతని నంబరు పెట్టించడానికి మూడుసార్లు అడగవలసి వచ్చింది. మధ్యాహ్నం, రాత్రి వంట, వైద్యం, బట్టలు నావి. ఏ శాఖలో ఉన్నవాళ్ళు ఆ శాఖలో నాలుగు మెట్లూ ఎక్కాలన్నది ఒప్పందం.

ఒక శాఖ ఇచ్చాక అందులో వేలుపెట్టకుండా ఉండడం ఈ ఏర్పాటులో అతి కష్టమయిన భాగం. మొదటి నెలలో మూడురోజులు ఇంట్లో పిండి లేదు. పిల్లలు బ్రెడ్డు తిని బడికి వెళ్ళారు. నేను ఉప్మా చెయ్యడానికి లేవలేదు. లేస్తే ఆ శాఖ తిరిగి నాదే అయిపోతుంది. ఆ రోజుల్లో మా అత్తగారు “వాడు పిండి రుబ్బుతుంటే చూస్తూ ఎట్లా కూర్చున్నావే అమ్మాయీ?” అన్నారు. ఆమె మాటలో కోపం లేదు, నిజమైన ఆశ్చర్యం ఉంది. యాభై ఏళ్ళు ఒక్కరోజు కూడా కూర్చోని మనిషికి, కూర్చున్న మనిషి వింతగానే కనిపిస్తుంది. భావజాలం పనిచేసే పద్ధతి ఇదే. అది మనచేత ఎవరో బలవంతాన చేయించదు. మనల్ని కూర్చోనివ్వదు, అంతే. నాలుగో నెలకి మినప్పప్పు డబ్బా నిండే ఉంటోంది.

మూడు సమాధానాలు, వాటి పరిమితులు

ఈ సమస్యకి మామూలుగా మూడు సమాధానాలు చెబుతారు.

మొదటిది యంత్రాలు. మిక్సీ, గ్రైండరు, బట్టలుతికే మిషను వచ్చాక ఇంకా పనేముందంటారు. రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో ‘అమ్మకి మరింత పని’ అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకం రాసి, అమెరికా ఇళ్ళలో యంత్రాలు ముఖ్యంగా మగవాళ్ళూ పిల్లలూ చేసే పనులని తొలగించాయనీ, శుభ్రత మీద అంచనాలు పెరిగి స్త్రీల పని పెద్దగా తగ్గలేదనీ చూపింది. మన ఇళ్ళలోనూ వారానికోసారి ఉతికిన దుప్పట్లు మిషను వచ్చాక రెండుసార్లు ఉతుకుతున్నాం. యంత్రం కండరాల శ్రమని తగ్గిస్తుంది. పసిగట్టే శ్రమని తగ్గించదు.

రెండోది పనిమనిషి. మధ్యతరగతి స్త్రీ ఉద్యోగానికి వెళ్ళగలుగుతున్నది చాలావరకు మరో స్త్రీ శ్రమ మీదే. మనం పనిమనిషిని ఒక గంట ముందు రమ్మంటే, ఆ గంట ఆమె ఇంట్లో పెద్దకూతురు మీద పడుతుంది. ఆ పిల్ల తమ్ముణ్ణి ఎత్తుకుని బడికి ఆలస్యంగా వెళుతుంది. బాధ్యత పురుషుడి దగ్గర ఆగకుండా అతన్ని దాటుకుని కింది వర్గం స్త్రీ మీదికి, ఆమె కూతురి మీదికి జారిపోతుంది. ఇంటి కార్మికుల హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడికని ఆమోదించింది. మన దేశం దాన్ని ధ్రువీకరించలేదు. పనిమనిషికి న్యాయమయిన జీతం, వారపు సెలవు ఇవ్వడం గురించి మాట్లాడకుండా ఉద్యోగిని స్వేచ్ఛ గురించి మాత్రమే మాట్లాడే సాహిత్యం సగం నిజమే చెబుతుంది.

మూడోది అమ్మమ్మ, నాయనమ్మ. ఇక్కడ కూడా జరిగేది అదే. ఒక స్త్రీ వార్ధక్యాన్ని మరో స్త్రీ ఉద్యోగానికి చెల్లిస్తున్నాం.

జీతం తక్కువ కాబట్టి సెలవూ ఆమెదే

శాఖల పద్ధతి కూడా పరిష్కరించలేని సమస్య ఒకటుంది. పిల్లకి జ్వరం వస్తే సెలవు ఎవరు పెట్టాలి? నేను మానేసిన కళాశాల, తిరిగి చేర్చుకున్నప్పుడు నా పాత తొమ్మిదేళ్ళనీ లెక్కలోకి తీసుకోలేదు. కొత్తగా చేరిన వాళ్ళ జీతమే ఇచ్చింది. కాబట్టి నా ఒకరోజు జీతం ఇంటికి చిన్న నష్టం, అతని ఒకరోజు జీతం పెద్ద నష్టం. లెక్కప్రకారం నేనే సెలవు పెట్టాలి. సెలవులు ఎక్కువ పెడితే బాధ్యతలేని అధ్యాపకురాలిగా పేరొస్తుంది, జీతం పెరగదు. జీతం పెరగలేదు కాబట్టి వచ్చే జ్వరానికి కూడా నేనే సెలవు పెట్టాలి. ఇల్లు చూసుకున్నందుకు జీతం తగ్గింది. జీతం తగ్గినందుకు ఇల్లు చూసుకోవాలి. చాలామంది స్త్రీలు తిరిగి చేరిన ఉద్యోగాన్ని రెండోసారి మానేసేది ఈ చక్రంలో పడి నలిగే. దానికి ‘ఆమెకి కుటుంబమే ముఖ్యం’ అని పేరు పెడతారు.

ఇది భర్త మంచితనంతో తీరే చిక్కు కాదు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ జీతంతో సెలవుని 12 వారాల నుంచి 26 వారాలకి పెంచింది, 50 మంది గాని అంతకుమించి గాని పనిచేసే చోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలంది. మంచిదే. కాని తండ్రికి ఆ చట్టం సెలవు చూపలేదు. స్వీడన్ 1974లోనే ప్రసూతి సెలవుని తల్లిదండ్రులిద్దరి సెలవుగా మార్చింది. పిల్లల బాధ్యత తల్లిదేనన్న సూత్రాన్ని చట్టమే రాస్తే, ఇంట్లో క్యాలెండరు కాగితాల మీద రాసుకున్న ఒప్పందం ఎంతకాలం నిలుస్తుంది?

ఇక వ్యవసాయ కూలీ స్త్రీకి ‘మానెయ్యడం’, ‘తిరిగి చేరడం’ అనే మాటలే లేవు. బిడ్డని చెట్టుకింద ఉయ్యాలలో వేసి కలుపు తీస్తుంది. 1975లో అంగన్‌వాడీలు మొదలయ్యాయి గాని, వాటి వేళలు కూలి వేళలతో కలవవు. ఉమ్మడి భోజనశాలలు, శిశుశాలలు, బాలవిహారాల ద్వారా ఇంటిచాకిరీని సామాజికం చెయ్యాలని లెనిన్ 1919లో రాశాడు. ఆ ప్రశ్న ఇంకా తీరలేదు. ఇంట్లో పంచుకోవడం, సమాజం పంచుకోవడం, ఈ రెంటిలో ఏది ముందన్న వాదం వ్యర్థం. పిల్లలకి పొద్దున ఫలహారం పెట్టవలసింది ఈరోజే. శిశుశాల కోసం పోరాడవలసిందీ ఈరోజే.

రచయితలకి దీనితో ఏం పని?

మన సాహిత్యం ఇంటిపనిని పట్టించుకోలేదని అనను. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లు అలుకుతూ తన పేరే మరిచిపోయిన గృహిణి ఆ పేరు వెతుక్కుంటూ బయల్దేరుతుంది. విమల ‘వంటిల్లు’ కవిత వంటింటిని ఒక గదిగా కాక ఒక వ్యవస్థగా చూపింది. రంగనాయకమ్మ ఇంటిపని, బైటపని విభజన మీద సిద్ధాంతచర్చ చేసింది. వంటింటిని సాహిత్యవస్తువుగా నిలబెట్టిన ఘనత స్త్రీవాద తరానిది.

అయితే ఉద్యోగిని గురించిన కథల్లో నాకు తరచు రెండు ముగింపులు కనిపిస్తాయి. ఒకటి, భర్తా అత్తమామలూ అడ్డుపడినా ఆమె ఉద్యోగంలో చేరుతుంది, కథ అయిపోతుంది. ఇల్లలకగానే పండగ కాదన్నట్టు, ఉద్యోగం రాగానే కూడా పండగ కాదు. అసలు కథ అక్కడ మొదలవుతుంది. రెండోది, భర్త ఒక సంఘటనతో కళ్ళు తెరిచి, కాఫీ కలిపి తెచ్చి ఇస్తాడు. ఆ కాఫీతో పాఠకుడి కళ్ళు చెమరుస్తాయి. కాని మర్నాటి పాలపొడి, పంచదార సంగతి ఎవరు చూశారు? ఒక కప్పు కాఫీ సంస్కరణ. వంటింటి బాధ్యత చేతులు మారడం మార్పు. మొదటిదాన్ని రెండోదిగా చూపడం వాస్తవికత కాదు.

ఇక్కడొక ఆక్షేపణ వస్తుంది. మినప్పప్పు, టీకా, బడి డైరీ ఇవన్నీ కథలో రాస్తే కథ జాబితా అయిపోదా అని. గనిలో శ్రమని, పొలంలో శ్రమని వర్ణించినప్పుడు మనం ఆ ప్రశ్న వెయ్యలేదు. అక్కడ శ్రమ వివరాలే పాత్రకి ప్రాణం పోశాయి. ఇంటిపని వివరాలు మాత్రమే విసుగ్గా కనిపిస్తే, ఆ విసుగు వస్తువులో ఉందా, మన దృష్టిలో ఉందా అని ఆలోచించుకోవాలి. సుప్రీంకోర్టు 2021లో ఒక ప్రమాద పరిహారం కేసులో గృహిణి శ్రమకి విలువ కట్టవలసిన అవసరాన్ని నొక్కి చెప్పింది. న్యాయమూర్తి ఎన్.వి. రమణ తన అభిప్రాయంలో 2019 సర్వే అంకెలని ప్రస్తావించారు. మనిషి చనిపోయాక గాని కోర్టు విలువ కట్టడానికి అవకాశం రాని శ్రమ ఇది. బతికుండగా విలువ కట్టగలిగేది సాహిత్యమే.

సాహిత్య విద్యార్థులకి ఒక సూచన చేస్తాను. మీరు చదివే ఉద్యోగిని కథలన్నిటినీ ఒకే ప్రశ్నతో మళ్ళీ చదవండి: ఈ ఇంట్లో అవసరాలని ముందుగా పసిగడుతున్నది ఎవరు? చాలా కథల్లో దీనికి జవాబు దొరకదు. జవాబు లేకపోవడమే జవాబు. రచయితలకి చెప్పేది ఇంతకంటే చిన్నది. మీ కథలో ఒక స్త్రీ పొద్దున ఎనిమిదింటికి బస్సెక్కితే, ఆ పూట ఆ ఇంటి పని ఎవరు చేశారో, దాని గురించి ముందురోజు ఎవరు ఆలోచించారో కథలో రాసినా రాయకపోయినా మీకు తెలిసి ఉండాలి.